ముఖ్యమంత్రిని దింపే ఓటు మనకెందుకు లేదు?

(హిందూపురం, పెనుకొండ, ధర్మవరం సభల్లో మన కార్యకర్త ఒకరు చేసిన ప్రసంగ పాఠం. పెనుకొండ, ధర్మవరంలలో సభికులు అడిగిన ప్రశ్నలకు ఆయన చెప్పిన జవాబులను చివర కలిపినాం. - సం.)



కుర్చీలో ఉండే ముఖ్యమంత్రిని ఆయన పార్టీలో వాళ్లే ఎట్ల దింపుతారు, ఎట్ల దింపొచ్చు అనే దాని మీద నన్ను మాట్లాడమన్నారు. ఇది మనకెందుకప్పా, మనకు శ్మశానానికి దారి లేదు, ఇంటిపట్టా లేదు, ముఖ్యమంత్రి దిగితే మనకేమి, ఎక్కితే మనకేమి అని ముందు వరుసలో ఉండే పెద్దాయన అనుకుంటా ఉండొచ్చు. సరైన ప్రశ్నే. కానీ శ్మశానం దారి అడగడానికి ఎమ్మార్వో ఆఫీసుకు పోతే ఎమ్మార్వో ఎవరి మాట వింటాడు? ఎమ్మెల్యే మాట. ఎమ్మెల్యే ఎవరి మాట వింటాడు? టికెట్టు ఇచ్చినోడి మాట. ఆ టికెట్టు ఇచ్చేవాడు యాడ ఉంటాడు, వాన్ని ఎవరు ఎన్నుకున్నారు అని వెతుక్కుంటా పోతే ముఖ్యమంత్రి కుర్చీ దగ్గర తేలుతాం. అందుకే ఈ మాట.

మొదట మన ఊరి సంగతే చెప్తా. ఈ హిందూపురం మామూలు ఊరు కాదు. 1985లో ఎన్.టి. రామారావు గుడివాడ, హిందూపురం, నల్గొండ మూడు చోట్ల నిలబడి మూడు చోట్లా గెలిచి, మిగతా రెండూ వదిలేసి మన హిందూపురాన్ని పెట్టుకున్నారు. 1989లో కల్వకుర్తిలో ఓడిపోయినారు, హిందూపురంలో గెలిచినారు. 1994లో మళ్లా గెలిచినారు. ఆ ఎన్నికల్లో తెలుగుదేశానికి 294లో 216 సీట్లు వచ్చినాయి. కాంగ్రెసుకు 26. ఇంత మెజారిటీతో, 1994 డిసెంబర్ 12న కుర్చీ ఎక్కిన మనిషి, 1995 సెప్టెంబర్ 1 నాటికి మాజీ అయిపోయినారు. తొమ్మిది నెలలు కూడా నిండలేదు. ఎవరు దింపినారు? ప్రతిపక్షం కాదు. ప్రజలు కాదు. సొంత మంత్రివర్గంలో రెవెన్యూ, ఆర్థిక శాఖలు చూస్తా ఉన్న సొంత అల్లుడు చంద్రబాబు నాయుడు.

ఎట్ల జరిగిందో మీలో పెద్దవాళ్లకు గుర్తుంటాది. ఆగస్టు నెలాఖరులో ఎమ్మెల్యేలను హైదరాబాదులో వైస్రాయ్ హోటల్లో పెట్టినారు. రామారావు అసెంబ్లీ రద్దు చెయ్యమన్నారు. గవర్నరు కృష్ణకాంత్ రద్దు చెయ్యలేదు. స్పీకరు యనమల రామకృష్ణుడు అల్లుడి వైపు నిలబడినారు. రామారావు చైతన్యరథం ఎక్కి ఆ హోటలు దగ్గరికే పోతే, ఆయన బొమ్మ పెట్టుకోని గెలిచినోళ్ల గుంపులో నుంచి ఆయన మీదికి చెప్పులు వచ్చినాయి. ఆస్పత్రి మంచం మీద నుంచి రాజీనామా ఇచ్చినారు. 1996 జనవరి 18న చనిపోయినారు. పార్టీ పోయింది, సైకిల్ గుర్తు పోయింది. ఫిరాయింపుల చట్టం 1985 నుంచి ఉండాది గదా, అది అడ్డం రాలేదా అంటే రాలేదు. ఎందుకంటే వాళ్లు పార్టీ మారలేదు. పార్టీనే మార్చుకున్నారు.

ఇప్పుడు నేనడిగేది ఒకటే. ఆ వారం రోజుల్లో హిందూపురం ఓటరును ఎవరైనా ఒక మాట అడిగినారా? ఆయన ఈ ఊరి ఎమ్మెల్యే. ఈ ఊర్లో సైకిల్ బొమ్మ మీద గుద్దినోళ్లు వేలమంది. మన మాల మాదిగ గేరీల్లో జెండా మోసినోళ్లు, గోడల మీద రాసినోళ్లు, కిరసనాయిలు దీపం పెట్టుకోని స్లిప్పులు పంచినోళ్లు వందలమంది. రామారావు ఉండాల్నా, పోవాల్నా అని వీళ్లను ఎవరడిగినారు? హోటల్లో ఉన్నోళ్లు తలలు లెక్కపెట్టుకున్నారు, అంతే. మేము టీ అంగడి దగ్గర పేపర్లో చదువుకున్నాం.

నేను రామారావు కోసం ఏడ్చేవాన్ని కాదు. అది ముందే చెప్పేస్తా. 1985 మార్చిలో హిందూపురం ఆయన్ను గెలిపించింది. అదే సంవత్సరం జూలై 17న కారంచేడులో ఆరుమంది మాదిగలను నరికి చంపినారు. కారంచేడు ఎవరి ఊరు? ముఖ్యమంత్రి వియ్యంకుడి ఊరు. అప్పుడు తెలుగుదేశం పార్టీలో ఒక్క ఎమ్మెల్యే అయినా లేచి, అయ్యా, నీ పాలనలో, నీ బంధువుల ఊర్లో ఇంత ఘోరం జరిగింది, నువ్వు కుర్చీ దిగు అన్నాడా? వైస్రాయ్ హోటలు అప్పుడు ఎందుకు నిండలేదు? 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది మాలలను చంపి, గోతాల్లో కట్టి తుంగభద్ర కాలవలో పారేసినారు. నేదురుమల్లి జనార్దనరెడ్డి ముఖ్యమంత్రి. ఆయన చుండూరు కోసం దిగలేదు. 1992 అక్టోబరులో దిగినారు, కానీ ప్రైవేటు మెడికల్, డెంటల్ కాలేజీలకు ఇచ్చిన అనుమతుల మీద హైకోర్టు తప్పు పట్టినందుకు దిగినారు. మన పాత జిల్లా ఇల్లూరు నుంచి వచ్చిన నీలం సంజీవరెడ్డి 1964లో దిగినారు. బస్సు రూట్ల జాతీయకరణ కేసులో కోర్టు మాటలకు దిగినారు. 1984 ఆగస్టు 16న నాదెండ్ల భాస్కరరావు రామారావును దింపి నెల రోజులు కూర్చున్నారు. అది కుర్చీ కొట్లాట. 1995 కూడా కుర్చీ కొట్లాటే, ఇంకొంచెం ఇంటి కొట్లాట.

ఈ వరస చూడండి. బస్సుల కోసం ముఖ్యమంత్రి దిగినాడు. కాలేజీల కోసం దిగినాడు. అత్తింటి తగాదాలో దిగినాడు. దళితుడి ప్రాణం కోసం ఒక్క ముఖ్యమంత్రి కూడా దిగలేదు. మన చావులకు కుర్చీని కదిలించే బరువు లేదు. ఎందుకు లేదు అనేదే ఈ పొద్దు మన ముందుండే ప్రశ్న.

ఇంకొక దింపుడు ఉండాది. దాన్ని దింపుడు అని ఎవరూ అనరు. దామోదరం సంజీవయ్య గారు. కర్నూలు పక్కన పెదపాడులో పుట్టినారు. 1960 జనవరిలో ముఖ్యమంత్రి అయినారు, ఈ దేశంలోనే మొదటి దళిత ముఖ్యమంత్రి. ఎట్ల అయినారు? సంజీవరెడ్డి కాంగ్రెసు అధ్యక్షుడై ఢిల్లీ పోయినారు. ఈడ రెడ్డి నాయకులకు ఒకరికొకరికి పొసగలేదు. ఆ సందులో సంజీవయ్య గారికి కుర్చీ వచ్చింది. వృద్ధులకు పింఛను పెట్టినారు. ఆరు లక్షల ఎకరాల బంజరు పేదలకు పంచినారని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1962 ఎన్నికలయినాయి, కాంగ్రెసు గెలిచింది. గెలిపించిన ముఖ్యమంత్రి ఉండాల గదా? లేదు. సంజీవరెడ్డి ఢిల్లీ నుంచి తిరిగొచ్చినారు, కుర్చీ వెనక్కి తీసుకున్నారు. సంజీవయ్య గారిని ఢిల్లీకి పంపి కాంగ్రెసు అధ్యక్షున్ని చేసినారు. పెద్ద గౌరవం అన్నారు. గౌరవమే, కాదనను. అయితే ఇంట్లో ఉండే మనిషిని అరుగు మీద కూర్చోబెట్టి, ఇది ఇంటికంటే ఎత్తుగా ఉండాది చూడు అన్నట్టు ఉండాది. ఆ సంజీవరెడ్డినే 1967లో మన హిందూపురం పార్లమెంటుకు పంపింది. సంజీవయ్య గారి తర్వాత అరవై ఏళ్లు దాటింది. ఆంధ్రప్రదేశ్‌లో ఇంకొక దళితుడు ఆ కుర్చీలో కూర్చోలేదు. తెలంగాణ వస్తే మొదటి ముఖ్యమంత్రి దళితుడే అన్న మాట 2014లో ఏమైందో మీకు తెలుసు.

ఇప్పుడు అమెరికా సంగతి కొంచెం చెప్పాల. అక్కడ రాష్ట్రానికి గవర్నరు అంటే మన రాజ్‌భవన్‌లో ఢిల్లీ వాళ్లు కూర్చోబెట్టిన గవర్నరు కాదు. అక్కడ గవర్నరంటే మన ముఖ్యమంత్రి లాంటోడు, జనమే నేరుగా ఓటేసి ఎన్నుకుంటారు. ఆ గవర్నరు మళ్లా నిలబడాలనుకుంటే ముందు సొంత పార్టీలో ఓటు గెలవాల. దాన్ని ప్రైమరీ అంటారు. మనకు ప్రైమరీ అంటే బడే తెలుసు, మన పిల్లలు పోయే ప్రైమరీ స్కూలు. వాళ్లకు ప్రైమరీ అంటే పార్టీ లోపలి ఎన్నిక. పార్టీ అధ్యక్షుడు సీల్డు కవర్లో టికెట్టు పంపడు. ఆ పార్టీ వైపు పేరు రాయించుకున్న మామూలు ఓటర్లు, కొన్ని రాష్ట్రాల్లో అయితే ఎవరైనా సరే, రహస్య బ్యాలెట్ మీద తేలుస్తారు. ఆ ఎన్నికను పార్టీ ఆఫీసు నడపదు, ప్రభుత్వమే నడుపుతాది.

2014లో హవాయి రాష్ట్రంలో నీల్ అబర్‌క్రాంబీ అనే గవర్నరు. కుర్చీలో ఉండేవాడు, డబ్బు ఉండేవాడు, దేశాధ్యక్షుడు ఒబామా ఆయన కోసం రేడియోలో చెప్పినాడు. ఆయన మీద సొంత పార్టీలో డేవిడ్ ఇగే అనే సెనెటర్ నిలబడినాడు. జపాను నుంచి వలస పోయిన కుటుంబాల బిడ్డ. డబ్బు చాలా తక్కువ. ఆగస్టులో ప్రైమరీ అయితే గవర్నరు చిత్తుగా ఓడిపోయినాడు. పడిన ఓట్లలో దాదాపు మూడింట రెండొంతులు ఇగేకు పోయినాయి. ఎట్ల? ముసలోళ్ల పింఛను మీద పన్ను వెయ్యాలని ఆ గవర్నరు చూసినాడు. టీచర్లతో కొట్లాట పెట్టుకున్నాడు. పింఛను ముసలోళ్లూ, టీచర్లూ మనసులో పెట్టుకోని ఆ రోజు దాకా ఆగినారు. ఇంకొకటి, 2018లో కాన్సస్ రాష్ట్రంలో కుర్చీలో ఉండే గవర్నరు జెఫ్ కోలియర్ సొంత పార్టీ ప్రైమరీలో 343 ఓట్లతో ఓడిపోయినాడు. మూడు లక్షల పైన ఓట్లు పడిన ఎన్నికలో 343. మన రెండు గేరీల ఓట్లు!

ఇందులో కిటుకు ఏందంటే, ప్రైమరీకి జనం తక్కువ వస్తారు. పెద్ద ఎన్నికకు వచ్చినంత మంది రారు. తక్కువమంది వచ్చే చోట ఒక్క మాట మీద నిలబడే చిన్న గుంపుకు బరువు పెరుగుతాది. కుర్చీలో ఉండేవాడికి పేరు ఉంటాది, డబ్బు ఉంటాది, పోలీసు ఉంటాది. ఎదురు నిలబడేవాడికి ఒక్కటే ఉంటాది - కుర్చీ మీద మంట పెట్టుకున్నోళ్ల జాబితా. ఆ జాబితాను ఇంటింటికి తిరిగి రాసుకున్నోడు గెలుస్తాడు. మన దగ్గర మంటకు కొదవ లేదు. జాబితా లేదు. ఆ పెట్టె లేదు.

అయితే అమెరికా వాడు దేవుడని నేను చెప్పను. అదే ప్రైమరీని నల్లజాతి వాళ్ల మీద ఎట్ల వాడినారో కూడా తెలుసుకోవాల. దక్షిణ రాష్ట్రాల్లో డెమొక్రాట్ పార్టీ ఒక్కటే పార్టీ. ఆ పార్టీ నిలబెట్టినోడే గెలుస్తాడు. అసలు ఎన్నిక ప్రైమరీలోనే అయిపోతాది, నవంబరులో జరిగేది ఊరేగింపు. అందుకని తెల్లోళ్లు ఏం చేసినారు? నల్లోళ్లు ప్రైమరీలో ఓటెయ్యకూడదు అన్నారు. టెక్సాస్‌లో 1923లో చట్టమే చేసినారు. 1927లో సుప్రీం కోర్టు ఆ చట్టం కొట్టేసింది. సరే, చట్టం వద్దు, మా పార్టీ మా ఇష్టం, మా సంఘంలో ఎవరిని చేర్చుకోవాలో మేమే తేల్చుకుంటాం అని తిరుక్కున్నారు. మన గుడి ధర్మకర్తలు మాట్లాడినట్టే. హ్యూస్టన్‌లో లోనీ స్మిత్ అనే నల్లజాతి పళ్ల డాక్టరు కోర్టుకు పోయినాడు. తుర్గుడ్ మార్షల్ వాదించినాడు. 1944లో సుప్రీం కోర్టు చెప్పింది - పార్టీ లోపలి ఎన్నికే అసలు ఎన్నిక అయినప్పుడు అందులో ఓటు లేకుండా చెయ్యడం ఓటుహక్కు తీసెయ్యడమే.

ఈ మాట విని నేను హిందూపురం గురించి ఆలోచించినా. మీరూ ఆలోచించండి. 1983 నుంచి ఇప్పటి దాకా హిందూపురం అసెంబ్లీ సీటును తెలుగుదేశం ఒక్కసారి కూడా ఓడిపోలేదు. రామారావు, ఆయన పోయినాక 1996 ఉప ఎన్నికలో కొడుకు హరికృష్ణ, ఆ తర్వాత వేరే వాళ్లు, 2014, 2019, 2024లో ఇంకొక కొడుకు బాలకృష్ణ. రాష్ట్రమంతా గాలి ఎటు వీచినా ఈడ సైకిలే. మంచిదో చెడ్డదో నేను చెప్పడంలేదు. నలభై ఏళ్లుగా ఒకే పార్టీ గెలిచే ఊర్లో అసలు ఎన్నిక ఎప్పుడయింది? టికెట్టు రాసిన రోజు అయిపోయింది. ఆ రోజు మనం ఓటేసినామా? టెక్సాస్‌లో నల్లోన్ని గడప దగ్గర ఆపినారు. మనల్ని ఆపలేదు, జెండా ఇచ్చి ముందు నడిపించినారు. కానీ ఆ గదిలో మాత్రం మనం లేము.

పెనుకొండ చూడండి. 1994లో గెలిచిన పరిటాల రవి రామారావు మంత్రివర్గంలో ఉన్నారు. ఆ కాలం సంగతి, ఆ రక్తం సంగతి ఈ పొద్దు వద్దు. 2024 ఎన్నిక చూడండి చాలు. ఒక పార్టీ పెనుకొండలో పాత ఎమ్మెల్యేను హిందూపురం పార్లమెంటుకు జరిపి ఇంకొకరిని తెచ్చింది. ఇంకొక పార్టీ పెనుకొండ ఎమ్మెల్యేను అనంతపురం పార్లమెంటుకు జరిపి కళ్యాణదుర్గం ఎమ్మెల్యేను పెనుకొండకు తెచ్చింది. ధర్మవరంలో పొత్తులో సీటు బీజేపీకి పోయింది, ఢిల్లీ నుంచి సత్యకుమార్ యాదవ్ పేరు వచ్చింది, గెలిచినారు, మంత్రి అయినారు. ధర్మవరంలో అప్పటిదాకా పార్టీని మోసినోళ్లు మరుసటి రోజు ఇంకొక జెండా కట్టుకున్నారు. వ్యక్తుల మీద నాకేం కోపం లేదు. మగ్గం మీద పట్టుచీర నేసే నేతన్న కూడా, అంచు ఏ రంగు వెయ్యాలని చీర కొనేవాన్ని అడుగుతాడు. మనల్ని ఎవరూ అడగలేదు.

రిజర్వుడు సీటులో అయినా మన మాట చెల్లుతాదా? మన పక్కన మడకశిర ఉండాది, 2009 నుంచి ఎస్సీ సీటు. 2024లో ఆడ తెలుగుదేశం మొదట ఒక పేరు ప్రకటించింది, తర్వాత తీసేసి ఎం.ఎస్. రాజుకు ఇచ్చింది. ఆయన 351 ఓట్లతో గెలిచినారు. మొదటి పేరు ఎవరడిగితే వచ్చింది, ఎవరడిగితే పోయింది? మడకశిర మాల మాదిగలు ఓటేసి మార్చినారా? ఎవరి టికెట్టు ఎవరి చేతిలో ఉంటాదో, ఎమ్మెల్యే చూపు ఆ చేతి మీదనే ఉంటాది. 1995లో ఉమ్మడి రాష్ట్ర అసెంబ్లీలో 39 ఎస్సీ సీట్లు. ఆ 39 మంది కలిసి కూర్చోని, అయ్యా, మామకైనా అల్లుడికైనా మా మద్దతు కావాలంటే ఇదీ మా షరతు అని ఒక కాగితం ముందు పెట్టినారని నేను ఎక్కడా వినలేదు. ఒక్కొక్కరుగా లెక్కలోకి పోయినారు. తర్వాత పదవులు వచ్చినాయి. కొందరు పెద్ద పదవులకు పోయినారు. కాగితం మాత్రం లేదు.

ఇప్పుడు అసలు మాటకు వస్తా. ప్రైమరీ అంటే అమెరికా నుంచి దిగుమతి చేసుకునే సరుకు అనుకునేరు. అది మన చేతిలో ఉండి పోయిన వస్తువు. 1932 ఆగస్టులో బ్రిటిష్ వాళ్లు మనకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇచ్చినారు. గాంధీ గారు ఎరవాడ జైల్లో నిరాహార దీక్ష పట్టినారు. సెప్టెంబర్ 24న పూనా ఒడంబడిక అయింది. దాని గురించి మన సభల్లో చెప్పేటప్పుడు 148 సీట్లు వచ్చినాయి, ప్రత్యేక నియోజకవర్గం పోయింది అనే రెండు మాటలే చెప్తాం. మూడో మాట ఒకటి ఉండాది. ప్రతి రిజర్వుడు సీటుకూ ముందు అంటరాని కులాల ఓటర్లు మాత్రమే ఓటేసి నలుగురిని ఎన్నుకోవాల. ఆ నలుగురిలో ఒకన్ని తర్వాత ఊరంతా కలిసి ఎన్నుకోవాల. ఆ మొదటి ఓటు పేరే ప్రైమరీ! బాబాసాహెబ్ ప్రత్యేక నియోజకవర్గాన్ని వదులుకుంటా, వదులుకుంటా, ఈ కొసను మాత్రం చేత్తో పట్టుకున్నారు.

అది ఎట్ల నడిచింది? పదేళ్లకే అని గడువు పెట్టినారు. 1937లో, 1946లో ఆ పద్ధతి ఉండాది. నలుగురికి మించి నిలబడిన చోటే ప్రైమరీ జరిగేది. 1946లో చాలా చోట్ల ప్రైమరీలో మనవాళ్లు బాబాసాహెబ్ షెడ్యూల్డు కులాల ఫెడరేషన్ వాళ్లకు ఓట్లు గుద్దినారు. రెండో ఓటులో సవర్ణులు కలిసినాక కాంగ్రెసు నిలబెట్టిన మనిషి గెలిచినాడు. ఫెడరేషన్ గెలిచిన సీట్లకు ఒక చేతి వేళ్లు సరిపోయినాయి. అంటే మనం ఎవరిని కోరుకున్నామో మొదటి పెట్టెలో ఉండాది, మనకు ఎవరిని ఇచ్చినారో రెండో పెట్టెలో ఉండాది. రెండు పెట్టెలు ఉన్నందుకే ఆ తేడా లోకానికి కనపడింది. 1950 రాజ్యాంగంలో సీట్లు ఉండినాయి, మొదటి పెట్టె లేదు. ఇప్పుడు తేడా ఉన్నా కనపడదు. మొదటి పెట్టె పార్టీ ఆఫీసుకు పోయింది.

నేనూ పన్నెండేళ్లు ఒక పార్టీ జెండా మోసినోన్నే. ఏ పార్టీ అనేది వద్దు, అన్నింటి కథా ఒకటే. మా గేరిలో 140 మంది సభ్యత్వం నేనే రాసినా, డబ్బులు నేనే కట్టినా. టికెట్ల సమయంలో పైనుంచి పరిశీలకుడు వచ్చినాడు, అభిప్రాయ సేకరణ అన్నారు. మేము పొద్దున తొమ్మిదికి పోయినాం. గెస్టుహౌసు లోపలికి ఊరిపెద్దలు పోయినారు. మమ్మల్ని చింతచెట్టు కింద కూర్చోమన్నారు. మధ్యాహ్నం పులిహోర పొట్లాలు వచ్చినాయి. నాలుగు గంటలకు ఒకాయన వచ్చి, మీ అభిప్రాయం కూడా రాసుకున్నాం, పోండి అన్నాడు. ఎప్పుడు రాసుకున్నావు సామీ, మేము నోరే తెరవలేదే అన్నా. పక్కనుండే మా పెదనాయన నా మోచెయ్యి గిల్లినాడు. ఆ రోజు ఇంటికొచ్చి జెండా మడిచి అటక మీద పెట్టినా. ఇంకా ఆడనే ఉండాది.

2024కు ముందు ఫోన్లు కూడా వచ్చినాయి. ఫలానా వ్యక్తి అభ్యర్థిగా కావాలంటే ఒకటి నొక్కండి, వద్దంటే రెండు నొక్కండి అని మిషను మాట్లాడుతాది. నొక్కినోళ్లు చాలామంది ఉన్నారు. ఎన్ని ఒకట్లు, ఎన్ని రెండ్లు అని ఎవరైనా బయటికి చెప్పినారా? లెక్క చెప్పని ఓటు ఓటు కాదు. అది జోస్యం. తెలుగుదేశం వాళ్లు కోటి సభ్యత్వాలు దాటినాయని 2025లో ప్రకటించుకున్నారు. మనిషికి నూరు రూపాయలు. కోటిమంది ఉండే సంఘంలో నాయకుని ఎన్నికకు, అభ్యర్థి ఎన్నికకు ఒక్క బ్యాలెట్ పేపరు అచ్చెయ్యలేరా? అన్ని పార్టీలకూ ఇదే అడుగుతా ఉండా, ఒక్కరికే కాదు. 1999లోనే లా కమిషన్ తన 170వ నివేదికలో పార్టీల లోపల ప్రజాస్వామ్యానికి చట్టం ఉండాలని రాసింది. ఆ నివేదిక బూజు పట్టింది.

మామూలుగా ఇంతవరకే చెప్పి దిగిపోతా. పెనుకొండలో, ధర్మవరంలో వచ్చిన రెండు ప్రశ్నలు మాత్రం చెప్పాల.

పెనుకొండలో కియా కంపెనీ వైపు ఊరి నుంచి వచ్చిన తమ్ముడు అడిగినాడు: అన్నా, పార్టీలో అందరికీ ఓటు పెడితే సభ్యత్వం పుస్తకాలు మళ్లా ఊరి రెడ్డి దగ్గర, కమ్మ నాయకుని దగ్గరే ఉంటాయి గదా, వాళ్లు వాళ్ల మనుషులనే రాసుకుంటారు గదా, అప్పుడు ప్రైమరీ కూడా వాళ్లదే గదా? నిజం తమ్ముడూ. టెక్సాస్ కథ నేను చెప్పింది అందుకే. పుస్తకం ఎవరి చేతిలో ఉంటే గడప వాడి చేతిలో ఉంటాది. కాబట్టి మన కోరిక పార్టీ ఎన్నిక పెట్టండి అని మాత్రమే కాదు. సభ్యుల జాబితా గేరి గేరికి గోడ మీద అంటించాల, ఓటు రహస్యంగా ఉండాల, ఎన్నికల సంఘం నడపాల, రిజర్వుడు సీట్లలో మొదటి ఓటు మన కులాలకే ఉండాల. ఇందులో ఏ ఒక్కటి తగ్గినా ఆ ప్రైమరీ మనకు పనికి రాదు. డబ్బు కూడా పారుతాది. ఓటుకు రేటు ఇప్పుడు ఒకసారి పలుకుతాది, అప్పుడు రెండుసార్లు పలుకుతాది. ఆ భయం నాకూ ఉండాది, దానికి నా దగ్గర మందు లేదు.

ధర్మవరంలో ఒక అక్క అడిగింది, రైల్వే స్టేషను దగ్గర ఇడ్లీలు అమ్ముకునే అక్క: ఇదంతా చట్టం రావాల, ఢిల్లీ కావాల, మనం చచ్చినాక గదప్పా వచ్చేది? ఇప్పుడేం చేస్తాం? ఆ ప్రశ్నకు ధర్మవరంలో సరైన జవాబు చెప్పలేకపోయినా. రైల్లో వస్తా ఆలోచించినా, హిందూపురంలో చెప్తా ఉండా.

చట్టం కోసం ఆగొద్దు. మన ఓటు మనమే పెట్టుకుందాం. 2029 ఎన్నికకు టికెట్లు రాసే ముందే, మడకశిరలో, ఈ మూడు ఊర్లలో, ఒక ఆదివారం మన గేరీల్లో పెట్టె పెడదాం. ఏ పార్టీ నుంచి ఎవరు అభ్యర్థి కావాలనుకుంటా ఉన్నారో వాళ్లందరినీ మన చావిడికి పిలుద్దాం, ఎమ్మెల్యే అయినా సరే, మంత్రి అయినా సరే. శ్మశానం దారి సంగతి, అసైన్డు భూముల సంగతి, హాస్టళ్ల సంగతి నేల మీద కూర్చోని చెప్పమందాం. రానోడి పేరు పక్కన రాలేదు అని రాద్దాం. తర్వాత చీటీ మీద ఓటేద్దాం, అందరి ముందర లెక్కపెడదాం, ఆ అంకెను మూడు పార్టీల ఆఫీసులకూ పంపుదాం. వాళ్లు చింపెయ్యొచ్చు. చింపనీ. 1946లో కూడా రెండో పెట్టె మొదటి పెట్టెను చింపింది, కానీ అంకె మిగిలింది. మాల, మాదిగ వేరు వేరు పెట్టెలు పెట్టుకుందామా, ఒకే పెట్టెనా అనేది మనలో తేలాల. 2024 ఆగస్టు 1న సుప్రీం కోర్టు వర్గీకరణకు ఒప్పుకున్నాక మన ఇంట్లో ఉండే నొప్పులు నాకు తెలుసు. నా మటుకు ఒకే పెట్టె, ఒకే లెక్క, ఏ గేరిలో ఎన్ని పడినాయో విడిగా చెప్పడం అంటా. మీరు వేరే చెప్తే వింటా.

పని పంచుకున్నాం. పెట్టెలు రేకుతో చేయించేది పెనుకొండ తమ్ముళ్లు ఒప్పుకున్నారు. ధర్మవరం అక్కావాళ్లు గేరి గేరికి ఒక నోటుబుక్కు కుట్టించి ఇస్తామన్నారు. హిందూపురం వాళ్లు ఇంతవరకు ఏమీ ఒప్పుకోలేదు. ఈ సభ అయినాక వేపచెట్టు కింద ఉంటా, పేర్లు రాసుకోనే పోతా.

జై భీమ్.